పేషెంట్‌ను వెంట తెచ్చుకోవలెను

ప్రాక్టికల్ పరీక్షకు ఎవరి పేషెంట్‌ను వాళ్లే తెచ్చుకోవాలని శిక్షణ మాస్టారు చెప్పగానే క్లాసంతా గొల్లుమంది.

"నవ్వకండి. రాష్ట్ర బోర్డువాళ్లు ఎగ్జామినర్‌నిస్తారు, ఊపిరి ఊదడానికి బొమ్మనిస్తారు, స్ట్రెచరిస్తారు. దాని మీద పడుకునే మనిషిని మాత్రం మీరే పట్టుకురావాలి. అమ్మో, అత్తో, అన్నో, ఎవరో ఒకరు. నోట్లో నాలుక ఉండాలి, చక్కిలిగింతలు ఉండకూడదు. అంతే" అన్నారాయన.

వెనక బెంచీలో ఉన్న ఆమె ఒక్కతే నవ్వలేదు. తనకు తెలిసినవాళ్లను మనసులో వరసగా తలుచుకోవడం మొదలుపెట్టింది. ఆ వరస ఎంతోదూరం పోలేదు.

క్లాసులో మిగతావాళ్లంతా నిన్నమొన్న కాలేజీ గడప దాటిన పిల్లలు. ఆమెకు నలభై నిండాయి. అంతకుముందు అంబులెన్స్ ఆఫీసులోనే ఫోన్ల గదిలో ఏళ్ల తరబడి పనిచేసింది. "హలో, చెప్పండి, కంగారు పడకండి, ఎక్కడున్నారు?" అని రోజంతా అని అని, ఇంట్లో సొంత ఫోను మోగినా అవే మాటలు నోటికి వచ్చేవి. ఊళ్లో చాలామంది ఆమె గొంతు విన్నవాళ్లే గాని మొహం ఎరిగినవాళ్లు లేరు. ఆ గదిని ఎత్తేసి పై ఆఫీసులో కలిపేసినప్పుడు, వేరే ఊరికి బదిలీ కావాలా, బండి మీద పని నేర్చుకుంటావా అని అడిగారు. "బండి మీదే" అంది. ఎందుకలా అన్నదో ఆమెకే తెలియదు. ఫోన్లో ఏడ్చేవాళ్లను ఒక్కసారైనా ఎదురుగా చూడాలని లోపల ఉండేదేమో. క్లాసులో పిల్లలు ఆమెకు పెట్టిన పేరు హలో అక్క.

రాత పరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ప్రాక్టికలే. అది దాటితేనే రాష్ట్ర సర్టిఫికెట్. అది చేతికొస్తే తప్ప బండిలో రోగిని ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆమె ఉండేది పాత మేడ మీద ఒంటిగది. పెళ్లి అచ్చిరాలేదు. కోపాలూ కొట్లాటలూ ఏమీ జరగలేదు. ఆయన తనకు వేరే బతుకు కావాలన్నాడు, ఆమె సరేనంది, అంతటితో సరి. ఇప్పుడు ఆ గదిలో సాయంత్రం పూట కుర్చీ కాలికి బద్దలు వేసి విరిగిన ఎముకకు కట్టినట్టు కట్టు కట్టేది. బీపీ పట్టీని దిండుకు చుట్టి గాలి కొట్టేది. దిండుకు బీపీ ఉండదు. కుర్చీ కాలిని ఎంత బిగించినా "అబ్బా" అనదు. క్లాసులో పిల్లలు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ నేర్చుకునేవాళ్లు. వాళ్ల మధ్యకు వెళ్లి "నాకూ ఓ చెయ్యి ఇవ్వండర్రా" అని అడగడానికి ఆమెకు మొహం చెల్లేది కాదు. చివరికి తన నాడి తానే పట్టుకుని చూసుకునేది.

ముందు అక్కకు ఫోను చేసింది. అక్క అదే ఊళ్లో అవతలి కొసన ఉంటుంది.

"ఒక్క పూట పని అక్కా. నువ్వు ఊరికే పడుకుంటే చాలు. మిగతాదంతా నేను చూసుకుంటా."

"పడుకుని?"

"గుండెల్లో నొప్పి అని చెప్పాలి. వాళ్లే రాసిస్తారు ఏం చెప్పాలో."

"రాయిలా ఉన్నదాన్ని పట్టుకుని గుండెనొప్పి అని చెప్పమంటావేంటే? నోటి మాట ఊరికే పోదు. పైగా నలుగురు మగాళ్లు చూస్తుండగా స్ట్రెచరెక్కి పడుకోవాలా? మీ బావ వింటే ఇంటి కప్పు ఎగిరిపోతుంది."

"పోనీ బావ వస్తాడేమో అడగవూ?"

"ఆయనా? ఆయనకి సూది పేరు చెబితేనే చెమటలు. అసలు ఈ వయసులో నీకీ బండ్ల మీద తిరుగుడేంటి చెప్పు? హాయిగా కుర్చీలో కూర్చుని ఫోనెత్తేదానివి."

కుర్చీయే తీసేశారని చెప్పబోయి ఊరుకుంది. అంతకుముందు చాలాసార్లు చెప్పింది. అక్క చెడ్డది కాదు. ఆమెకు తన ఇల్లు, తన పిల్లలు, తన మోకాళ్ల నొప్పులు. చెల్లెలి మాటలు ఒక చెవిని దూరేలోపే ఇంకెవరో పిలుస్తారు.

కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ ఒప్పుకుంది. "దాందేముంది వదినా, వస్తా. నేనూ ఓ పూట నడుం వాల్చినట్టుంటుంది" అంది. ఆ మాటకు ఆమెకు ఎంత నిశ్చింత కలిగిందంటే, ఆ వారమంతా మేడ దిగినప్పుడల్లా మిషను దగ్గర ఆగి పలకరించేది. పరీక్ష రోజు పొద్దున చీర కుచ్చిళ్లు సర్దుకుని కిందికి వచ్చేసరికి దర్జీ ఆవిడ గుట్టలుగా పడి ఉన్న స్కూలు యూనిఫాంల మధ్య తల పట్టుకుని కూర్చుని ఉంది. "తిట్టుకోకు వదినా. ఇవాళ మధ్యాహ్నానికే కావాలంటున్నారు. రాత్రి కబురు పెట్టారు. నీకు చెబుదామంటే నిద్రపోతున్నావేమోనని..." అంది. తిట్టుకోవడానికి కూడా ఆమెకు టైము లేదు. బస్సెక్కింది.

పరీక్ష జరిగేది ఒక నర్సుల కాలేజీలో. పొడుగాటి వరండా, గోడ పొడుగునా బెంచీలు. బెంచీల నిండా అమ్మలు, పెద్దమ్మలు, స్నేహితులు. అంతా రోగులే, అంతా బిస్కెట్లు పంచుకుంటున్నారు. తలుపు దగ్గర గుమస్తా ఆమె హాల్‌టికెట్టు చూసి, ఆమె వెనక్కి చూశాడు.

"మీ పేషెంటేరీ?"

"రాలేదండి."

"రాకపోతే ఎట్లాగమ్మా? పేషెంట్ లేకుండా లోపలికి పంపితే నన్ను పంపిస్తారు ఇంటికి. ఎవర్నయినా చూసుకోండి. మీ వంతు వచ్చేదాకా టైముంది."

ఆమె బెంచీల వైపు చూసింది. ఎవరిని అడగాలి? క్లాసులో నిచ్చెన అని పిలిచే పొడుగబ్బాయి అప్పుడే తన రోగిని పరీక్షించి బయటికి వచ్చాడు. ఆ రోగి వాళ్లమ్మే. "బాగా అయిందమ్మా, నువ్విక్కడ కూర్చో. ఎముకలకి కట్లు కట్టే దగ్గరా, బొమ్మ దగ్గరా ఇంకా పరీక్షలున్నాయి, అవి ముగించుకొస్తా" అని తల్లిని బెంచీ చివర కూర్చోబెట్టి పరిగెత్తాడు. చిన్న మనిషి ఆవిడ. కొడుకు మోచేతి దాకా వస్తుంది.

హలో అక్క ఆ బెంచీ చివరే నిలబడింది. కాసేపటికి ఆవిడే అడిగింది.

"నీకెవరూ రాలేదా అమ్మా?"

"లేదండి. వస్తానన్నావిడకి పని పడింది."

"అయితే నేను పడుకుంటాలే. పొద్దున్నుంచీ పడుకోవడమే గదా నా ఉద్యోగం. పాఠం కూడా వచ్చేసింది." ఆవిడ చేతిలో బోర్డువాళ్లు ఇచ్చిన చీటీ ఉంది: గుండెనొప్పి, ఎడమ చేతికి పాకుతోంది, మందులేవీ వాడటం లేదు.

"మీకు శ్రమేమో..."

"శ్రమేంటి తల్లీ, ఇందులో నేను చేసేదేముంది? పద."

లోపల గదిలో స్ట్రెచరు, బల్ల మీద సామాన్లు, గోడవార కుర్చీలో ఎగ్జామినర్ మేడమ్. భారీ మనిషి, ఎన్నో ఏళ్లు ఎమర్జెన్సీ వార్డులో పనిచేసి వచ్చిన నర్సు. నవ్వు ఖర్చు పెట్టే రకం కాదు. "రూలు గుర్తుందిగా? మధ్యలో నిజంగా ఏదైనా జరిగితే 'ఇది నిజం' అని గట్టిగా చెప్పాలి. ఊరికే అంటే మార్కులు పోతాయి. కానివ్వు" అంది.

మొదలుపెట్టింది. చేతులకు గ్లవ్స్ వేసుకుంది. "అమ్మా, నేను అంబులెన్స్ నుంచి వచ్చాను. కంగారు పడకండి, చెప్పండి, ఏమవుతోంది?" ఆ మాటలు మాత్రం ఏ శిక్షణా లేకుండానే ధారాళంగా వచ్చాయి.

"గుండెల్లో నొప్పి" అంది పెద్దావిడ. "ఎడమ చేతికి పాకుతోంది."

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్నుంచి."

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదు."

ఆమె నాడి కోసం మణికట్టు పట్టుకుంది. గ్లవ్స్‌లోంచి కూడా చల్లదనం తెలిసింది. నాడి దడదడా కొట్టుకుంటోంది. మొహం చూసింది. పైపెదవి మీద చెమట పూసలు. గదిలో ఉక్కగానే ఉంది, కానీ ఇది ఉక్క చెమటలా లేదు. చీటీ పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతోంది.

"అమ్మా, మీకెలా ఉంది?" అని మళ్లీ అడిగింది, ఈసారి గొంతు తగ్గించి.

"గుండెల్లో నొప్పి" అని పాఠం అప్పజెప్పింది ఆవిడ. తర్వాత కళ్లు మూసుకుని, "కళ్లకి మసగ్గా ఉందే తల్లీ. మావాడికి చెప్పకు" అంది.

ఆ రెండు ముక్కలూ చీటీలో లేవు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. మేడమ్ తల వంచుకుని మార్కులు వేసుకుంటోంది. ఇది నటనేమో. పొద్దున కొడుకు ముందు కూడా ఇలాగే చేసిందేమో. తప్పయితే పరీక్ష పోతుంది, క్లాసంతా నవ్వుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగాయి. చేతిలో మణికట్టు మాత్రం చల్లగానే ఉంది.

"ఇది నిజం" అంది. మేడమ్ తలెత్తలేదు. మళ్లీ అరిచింది. "మేడమ్, ఇది నిజమండి!"

మేడమ్ అంత భారీ మనిషీ రెండంగల్లో వచ్చింది. "ఏంటి?"

"గుండె మేడమ్. గుండెపోటులా ఉంది. ఆక్సిజన్ పెడతాను..."

మేడమ్ ఆమెను భుజంతో పక్కకు నెట్టి పెద్దావిడ మొహం ఒకసారి చూసింది, చెయ్యి ఒకసారి పట్టుకుంది. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగింది. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "షుగర్ మాత్ర వేసుకున్నావా?" ఈసారి నిలువుగా ఊపింది. మేడమ్ బల్ల మీది చిన్న మిషను తీసి వేలికి సూది గుచ్చింది. అంకె చూసి, "షుగర్ పడిపోయింది. గ్లూకోజ్!" అని కేకేసింది.

గది నిండా జనం. ఎవరో గ్లాసులో కలిపి తెచ్చారు, ఎవరో విసిరారు, ఎవరో లోపలి నుంచి డాక్టరును పిలుచుకొచ్చారు. చంచాతో కొంచెం కొంచెంగా తాగించారు. చూస్తుండగానే ఆవిడ కళ్లు తేటపడ్డాయి. లేచి కూర్చుని కొంగుతో మూతి తుడుచుకుని, "అయ్యో, మీ అందరికీ ఎంత శ్రమ" అని సిగ్గుపడింది.

నిచ్చెన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నీకు షుగరేంటమ్మా?" అన్నాడు.

"ఏదో కొంచెంరా. ఈ మధ్యనే చెప్పారు. నీ చదువు మధ్యలో ఎందుకని..."

"పొద్దున నేనడిగా గదా. మందులు వాడుతున్నావా అని. లేదన్నావు."

"చీటీలో అలాగే ఉందిగా నాన్నా."

అతను తల్లిని లేవనెత్తి బయటికి నడిపించుకు పోయాడు. పోతూ హలో అక్క వైపు ఒక చూపు చూశాడు. అందులో కృతజ్ఞత లేదు. తన బట్టలు నడివీధిలో ఎవరో విప్పినట్టు ఉందా చూపు. వాళ్లమ్మ చెయ్యి అతనూ పట్టుకున్నాడు మరి, పొద్దున అదే స్ట్రెచరు మీద. ఆ ప్రశ్నలన్నీ అతనూ అడిగాడు, పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు.

గది ఖాళీ అయ్యాక మేడమ్ కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంది.

"ఆపావు చూడు, అక్కడి దాకా బ్రహ్మాండం. అది ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. ఆపాక చేసింది మాత్రం సున్నా. చీటీలో గుండె అని ఉంది గాబట్టి గుండె అన్నావు. షుగర్ చూసే మిషను నీ మోచేతి పక్కనే ఉంది."

"అవునండి."

"నిన్ను పాస్ చేశాననుకో, రేపు బండిలో నువ్వూ పేషెంటూ తప్ప ఇంకెవరూ ఉండరు. నేనుండను పక్కకి నెట్టడానికి." మేడమ్ గొంతు కొంచెం దిగింది. "వచ్చే విడతకి రా."

ఆ సాయంత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు వరసగా వచ్చాయి. పాసైనవాళ్లు, పాసైనవాళ్ల అమ్మలు, స్ట్రెచరు మీద పడుకుని రెండు వేళ్లు చూపిస్తున్న స్నేహితులు. ఎవరో "హలో అక్క, ఇది నిజం!" అని పెట్టి నవ్వే బొమ్మలు పెట్టారు. కింద చాలామంది నవ్వారు. అందులో దురుద్దేశం ఏమీ లేదని ఆమెకు తెలుసు. ఫోను బోర్లించి అన్నం వండుకుంది. అక్కకు చేస్తే, "పోనీలేవే, మన చేతిలో ఏముంది. ఏదైనా కూర్చునే పని చూసుకో" అంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె ఎవరికీ ఫోను చేయలేదు. ఆఫీసువాళ్లు స్టోరు గదిలో పని ఇచ్చారు. దుప్పట్లు మడతపెట్టడం, ఆక్సిజన్ సిలిండర్లకు చీటీలు కట్టడం. ఆ గదికి ఎవరూ పెద్దగా వచ్చేవారు కాదు. కొన్ని రోజులైతే సాయంత్రం దర్జీ ఆవిడ "ఏం వదినా" అన్నదాకా తన గొంతు తనకు వినపడేది కాదు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"హలో, చెప్పండి" అంది అలవాటుగా.

"నేనమ్మా, పేషెంట్ని."

ఆమెకు గొంతు గుర్తుపట్టగానే నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు.

"నీ పరీక్ష చెడగొట్టానట గదా. మావాడు ఇన్నాళ్లూ చెప్పలేదు, నిన్న నోరు జారాడు. నీ నంబరూ వాడి దగ్గరే తీసుకున్నా. మళ్లీ ఎప్పుడు నీకు?"

"ఇంకా టైముందండి."

"అయితే నేనొస్తా. నామీద నేర్చుకో. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే బదులు నీ మంచం మీద పడుకుంటే ఏం పోయింది? భయపడకు, తినే వస్తాలే."

అన్నట్టుగానే వచ్చింది. కొడుకే బస్సెక్కించాడట. "వాడు రాడు. సిగ్గు. పాసైన సిగ్గు" అని గుట్టు విప్పింది. ఆదివారాలు మధ్యాహ్నం పూట ఆవిడ ఆ గదిలో మంచం మీద పడుకునేది, హలో అక్క మొదటి నుంచి చివరిదాకా అన్నీ చేసేది. నాడి, బీపీ, కంటి పాపలు, వేలికి సూది. పెద్దావిడ రోజుకో కొత్త రోగం కల్పించుకొచ్చేది. ఒకసారి మెట్ల మీంచి పడ్డానంది, ఒకసారి తేలు కుట్టిందంది. "తేలు ఎక్కడ కుట్టిందండీ?" అంటే, "అది నువ్వే కనుక్కోవాలి. డాక్టరువా నేను?" అనేది. ఒకరోజు బీపీ పట్టీలో గాలి నింపుతుండగానే గుర్రు పెట్టి నిద్రపోయింది. హలో అక్క ఆవిడను లేపలేదు. పట్టీ విప్పి, కిటికీ తలుపు ఓరగా వేసి, కుర్చీలో కూర్చుంది. గదిలో ఇంకొకరి ఊపిరి వినిపించి ఎంత కాలమైందో. ఎండ వాలేదాకా కదలకుండా అలాగే కూర్చుంది.

రెండోసారి ఎగ్జామినర్ వేరే ఆయన. ఈమె ఎవరో, ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పెద్దావిడ చీటీలో ఉన్నది తప్పు పోకుండా చెప్పింది. హలో అక్క అన్నీ వరసగా చేసింది. వేలికి సూది గుచ్చి షుగర్ చూసినప్పుడు ఆయన తలెత్తి, "అది అక్కర్లేదమ్మా ఈ కేసులో" అన్నాడు. "నాకు అక్కర ఉందండి" అంది. ఆయన ఏదో రాసుకుని, "తర్వాతెవరు?" అని కేకేశాడు. అంతే. ఇన్నాళ్ల భయమూ ఆ ఒక్క కేకతో తీరిపోయింది.

సర్టిఫికెట్ వచ్చిన రోజు ఇద్దరూ కాలేజీ క్యాంటీన్లో టీ తాగారు. రాష్ట్ర ముద్ర ఉన్న ఆ కార్డును పెద్దావిడ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఫొటోలో కూడా కంగారుగానే ఉన్నావు" అంది. తర్వాత గ్లాసు పక్కన పెట్టి చెప్పింది. "మావాడికి పోస్టింగు వచ్చింది. దూరం. నన్ను కూడా తీసుకుపోతానంటున్నాడు. వచ్చే వారమే."

"మంచిదేగా అమ్మా" అంది ఆమె. మంచిదే. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట అన్నాక టీ ఇంకా సగం ఉండగానే చల్లారిపోయింది. బస్సు వచ్చాక పెద్దావిడ మెట్టెక్కి, వెనక్కి తిరిగి ఏదో అంది. ఇంజను హోరులో వినపడలేదు. ఆమె తల ఊపింది.

ఆమెకు ఊరి చివరి అంబులెన్స్ కేంద్రంలో డ్యూటీ పడింది. ఒక బండి, ఒక డ్రైవరు, ఒక రేకుల షెడ్డు. డ్రైవరు మాట పొదుపు మనిషి. పిలుపు వస్తే పరుగు, లేకపోతే చెట్టు నీడన కునుకు. ఎక్కిన రోగులు ఆసుపత్రి దగ్గర దిగిపోయేవారు, మళ్లీ కనపడేవారు కాదు. పనిలో ఆమె చెయ్యి కుదురుకుంది. ఇంటికెళితే అదే గది.

నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం నిచ్చెన ఫోను చేశాడు. అంతకుముందు అతను ఎప్పుడూ చేయలేదు.

"అక్కా, బాగున్నారా?"

"బాగున్నా. అమ్మెలా ఉంది?"

"బాగానే ఉంది" అన్నాడు. "ఒకటి అడుగుతా, నవ్వకండి. అమ్మని తిన్నావా అంటే తిన్నా అంటుంది. మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నా అంటుంది. గిన్నె చూస్తే అన్నం ఉన్నట్టే ఉంటుంది. ఎట్లా అడగాలక్కా? మీకు మాత్రం నిజమెట్లా చెప్పిందప్పుడు?"

"నాకూ చెప్పలేదు. లేదనే అంది."

"మరి?"

ఆమె ఆలోచించింది. "అడగొద్దు. ఆవిడ తినేటప్పుడు నువ్వూ పళ్లెం పెట్టుకుని పక్కన కూర్చో. కుదిరిన పూటే కూర్చో. ఏమీ అడగకు."

"డ్యూటీల్లో కుదరడం కష్టమక్కా" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"తెలుసు."

"ఆ రోజు నేను మీతో ఒక్క మాట కూడా..."

"పోనీలే. అమ్మకి అడిగానని చెప్పు."

"అమ్మ ఇక్కడ ఎవరితోనూ మాట్లాడదు. ఇరుగుపొరుగు ఎవరూ తెలీదు గదా. ఆదివారం వస్తే మాత్రం మీ గురించి చెబుతుంది."

ఆదివారం ఫోను చేస్తానని చెప్పమంది. ఫోను పెట్టేసి, బండి వెనక మెట్టు మీద కూర్చుని టిఫిను డబ్బా మూత తీసింది. షెడ్డు రేకులు ఎండకు చిటపటమంటున్నాయి. చెట్టు కింద డ్రైవరు డబ్బా ముందు పెట్టుకుని ఒంటరిగా తింటున్నాడు. ఆమె కాసేపు అటు చూసి, డబ్బా పట్టుకుని లేచి ఆ నీడలోకి వెళ్లింది. అతను కొంచెం పక్కకు జరిగాడు.